మీకు తెలుసా? బండికి తడిగుడ్డ వైద్యం

ఎండాకాలం నడిరోడ్డు మీద అంబాసిడర్ ఆగిపోతే పాతతరం డ్రైవర్లు ముందు వెతికింది పానా కాదు, తడిగుడ్డ! చాలా కార్బురేటర్ కార్లలో ఫ్యూయల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉండేది. ఆ వేడికి పెట్రోలు ఆవిరై దారిలో అడ్డుపడేది. పంపు మీద గుడ్డ వేసి చల్లబరిస్తే బండి బుద్ధిగా కదిలేది.

ఇప్పటి చాలా పెట్రోల్ కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం తిప్పగానే వెనక సీటు వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు సన్నగా 'జుయ్'మనాలి. ఆ చప్పుడే లేదా? ముందు ఫ్యూజు, రిలే చూడాలి.

స్టార్టర్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోక, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే అనుమానించాల్సింది క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్‌ని.

లైట్లు మసకబారి బండి ఆగిందా? కొత్త బ్యాటరీకి డబ్బు పోసేముందు ఆల్టర్నేటర్ చూపించండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉండాలి.