సాగిన పట్టీ మళ్ళీ సాగదు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు మన కుటుంబాలలో చాలామంది దానిని టీవీలో చూసే ఉంటారు. విద్యుత్తుతో నడిచే ఆ కార్ల వేగాన్ని గురించి, బ్యాటరీలను గురించి ఎంతో చర్చ జరిగింది. డ్రైవరును సీటుకు బిగించి ఉంచిన పట్టీలను గురించి మాట్లాడినవారు తక్కువ. ఆ పట్టీల సముదాయాన్నే హార్నెస్ అంటారు. భుజాల మీదుగా రెండు, నడుముకు ఇరువైపులా రెండు, తొడల మధ్య నుండి రెండు, ఇలా ఆరు పట్టీలు వచ్చి పొట్ట వద్ద ఒకే బకిల్‌లో కలుస్తాయి. మన కార్లలోని సీటు బెల్టు కదలికకు వీలిస్తుంది. ఇది డ్రైవరును సీటులో భాగంగా మార్చివేస్తుంది.

దీనిని ఎప్పుడు మార్చాలి? చిరిగినప్పుడు అని ఎవరైనా సమాధానం చెబుతారు. చిరిగేదాకా ఆగితే ఆలస్యమైనట్లే. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేసుకోవాలి.

గంటకు 100 కి.మీ. వేగంతో పోయే కారు గోడను ఢీకొన్నదనుకుందాము. 70 కిలోల డ్రైవరులో ఆ క్షణాన ఉన్న గతిజశక్తి సుమారు 27 కిలోజౌళ్ళు. అదే మనిషి 39 మీటర్ల ఎత్తు నుండి, అనగా దాదాపు పదమూడు అంతస్తుల పై నుండి పడితే, నేలను తాకే వేళకు ఉండే శక్తి కూడా ఇంతే. కారు ముందుభాగం నలుగుతూ ఒక మీటరు దూరంలో అతడు ఆగితే, శరీరంపై పడే సగటు బలం సుమారు రెండు ముప్పావు టన్నులు. పట్టీ సాగి ఆ దూరానికి మరి 15 సెంటీమీటర్లు కలిపితే బలం 2.4 టన్నులకు దిగుతుంది. ప్రక్కటెముకలకు ఆ తేడా చిన్నది కాదు. కనుకనే పట్టీని కొంత సాగేటట్లుగా నేస్తారు.

అయితే ఆ సాగుదల రబ్బరు సాగుదల వంటిది కాదు. నైలాన్ గాని పాలియెస్టర్ గాని పెద్ద బలానికి లోనైనప్పుడు పోగులు శాశ్వతంగా పొడుగవుతాయి. శక్తిని మ్రింగినది ఆ పొడుగుదలే. ప్రమాదం తరువాత పట్టీని చేతబట్టి చూస్తే రంగు, కుట్లు, బకిల్ అన్నీ సరిగానే కనిపించవచ్చును. కాని సాగే గుణం ఖర్చైపోయింది. రెండవసారి అది తగినంత సాగదు. బలమంతా మనిషి మీద పడుతుంది, లేదా పట్టీయే తెగుతుంది. గట్టి ప్రమాదాన్ని చూసిన హార్నెస్‌ను, కొన్నది నిన్ననే అయినా, తీసివేయాలనే నియమం ఇందువలన వచ్చింది. ఎత్తున పనిచేసే మన సిబ్బంది ధరించే హార్నెస్‌కు కూడా ఇదే న్యాయం: ఒక్కసారి మనిషి పడకుండా ఆపినదానిని తిరిగి వాడకూడదు.

ప్రమాదమేదీ జరగకపోయినా పట్టీ క్షీణిస్తూనే ఉంటుంది. ప్రధాన శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు పోగులలోని అణువుల గొలుసులను తెంపుతాయి. రంగు వెలియడం దానికొక సూచన. వెలియలేదు గనుక బలం తగ్గలేదనుకోవడం మాత్రం పొరపాటు. మన దేశంలో, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వంటి చోట, కారును ఎండలో నిలిపి ఉంచే గంటలు పరుగెత్తే గంటలకంటే ఎక్కువ. ఒక పాత దుప్పటి కప్పినా కొంత మేలు. ఇక బ్యాటరీ ఆమ్లం నైలాన్‌ను తింటుంది, ఘాటైన క్షారాలు పాలియెస్టర్‌ను తింటాయి. మురికి వదలాలని బ్లీచింగు పెట్టి ఉతకడం అన్నిటికంటే చెడ్డ పని. సీటు లోహపు అంచు ఒరుసుకుని పోగులు లేచినా, కుట్టు ఒక్కటి వదిలినా దర్జీ చేత కుట్టించరాదు. పట్టీలు మార్చి కొత్త లేబుల్ వేసి ఇచ్చే పని తయారీదారులే చేస్తారు.

అమర్చిన తీరు కూడా చూసుకోవలసినదే. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 పోటీ చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించిన ప్రమాదంలో ఎడమవైపు నడుము పట్టీ తెగిపోయి కనిపించింది. పట్టీ తన బిగింపు లోహం లోపల ఒక ప్రక్కకు జరిగి ముడుచుకొని, బలమంతా ఒక అంచుపై పడి చిరిగినదని ఆ ఏడాది ఆగస్టులో నాస్కార్ విడుదల చేసిన నివేదిక తేల్చింది. మరణానికి కారణాలు అనేకమని కూడా ఆ నివేదికే చెప్పింది. పట్టీ ఎంత బలమైనదైనా వంకరగా లాగితే కొన్ని పోగులే బరువు మోస్తాయని మాత్రం ఇందులో స్పష్టమయింది.

కంటికి కనిపించని క్షీణతను కొలిచే పరికరం ట్రాక్ వద్ద ఉండదు. అందుకే నియమాలు తేదీని ఆశ్రయించాయి. అమెరికాలోని ఎస్.ఎఫ్.ఐ. ప్రమాణం తయారైన నాటి నుండి రెండేళ్ళు మాత్రమే అనుమతిస్తుంది. ఎఫ్.ఐ.ఏ. ప్రమాణం కలిగిన పట్టీ లేబుల్‌పై ఏ సంవత్సరం తరువాత చెల్లదో నేరుగా ముద్రిస్తారు. కొన్న తేదీకి ఇక్కడ విలువ లేదు. దుకాణంలో అట్టపెట్టెలో ఏడాది పడి ఉన్నదానికి ఆ ఏడాది పోయినట్లే. తేదీ గడిచిన మరునాడే పట్టీ తెగుతుందని కాదు. ఎప్పుడు తెగుతుందో చెప్పగలవారు ఆనాటితో లేరు.

ఈ విషయం మన ఇళ్ళకు ఎందుకంటే, మన పిల్లలలో ఇంజనీరింగు చదివేవారు బాహా ఎస్.ఏ.ఈ. ఇండియా వంటి పోటీలకు స్వయంగా కార్లు తయారు చేస్తున్నారు. ఇంజను, సస్పెన్షన్, రోల్ కేజ్ లెక్కలు రాత్రంతా కూర్చుని వేస్తారు. హార్నెస్ దగ్గరకు వచ్చేసరికి, సీనియర్లు వదిలి వెళ్ళినది ఉన్నది కదా అంటారు. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఆ లేబుల్ మీద ఏ సంవత్సరమున్నదో, ఆ కారు ఎన్నిసార్లు బోల్తా పడినదో అడగండి. లేబుల్ ఊడిపోయినదంటే ఇంకేమీ అడగనక్కరలేదు. కొత్తదానికి డబ్బు సర్దవలసిన పక్షంలో, ఫోను మార్చడానికి ఇచ్చే డబ్బుకంటే ఇది ముందు ఇవ్వదగినది.

తీసివేసిన పాతదానిని అటక మీద పెట్టనీయకండి. చూడటానికి బాగున్నదానిని కండెమ్ చేయడమెందుకని అడిగే ఆడిటర్లు మన స్టోర్సులోనే కాదు, ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అటక మీదిది వచ్చే ఏడాది ఎవరో ఒకరి భుజాలకు ఎక్కుతుంది. కత్తెర తీసుకుని ఆరు పట్టీలనూ మధ్యకు కత్తిరించి, లేబుళ్ళు చించి, బకిల్‌ను తుక్కులో వేయించండి.