బాహు నాడీజాల మత్తు

చేయి, ముంజేయి, వేళ్లకు శస్త్రచికిత్స చేసేటప్పుడు రోగికి స్పృహ తప్పించకుండా, ఆ చేతికి వెళ్లే నరాల చుట్టూ మాత్రమే మందు ఎక్కించి నొప్పి తెలియకుండా చేసే పద్ధతిని బాహు నాడీజాల మత్తు అంటారు. ఆసుపత్రులలో దీనిని వాడుకగా "బ్లాక్" అంటారు.

నాడీజాల నిర్మాణం

మెడ దగ్గర వెన్నుపాము నుండి వెలువడే 5, 6, 7, 8వ గ్రీవా నాడులు, మొదటి వక్ష నాడి కలిసి ఈ జాలం ఏర్పడుతుంది. ఈ 5 వేర్లు 3 కాండాలుగా, 6 విభాగాలుగా, మళ్లీ 3 త్రాళ్లుగా మారి, చివరకు 5 ముఖ్య నరాలవుతాయి. వీటిలో మీడియన్, అల్నార్, రేడియల్ నరాలు అరచేతికి, వేళ్లకు ముఖ్యమైనవి. మోచేతి లోపలి పక్క దెబ్బ తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమనడానికి అల్నార్ నరమే కారణం.

పనిచేసే విధానం

నరం వెంట సంకేతం ప్రయాణించాలంటే సోడియం అయాన్లు నరకణం లోనికి ప్రవేశించాలి. లిగ్నోకైన్, బుపివకైన్ వంటి మందులు ఆ మార్గాలను తాత్కాలికంగా మూసివేస్తాయి. అందువలన నొప్పి మెదడుకు చేరదు. కండరాలు కూడా కదలవు. లిగ్నోకైన్ త్వరగా పనిచేసి కొద్ది గంటలలో తగ్గుతుంది. బుపివకైన్ ప్రభావం ఆలస్యంగా మొదలై ఎక్కువ గంటలు నిలుస్తుంది.

పద్ధతులు

* మెడ కండరాల నడుమ ఇచ్చేది: భుజం శస్త్రచికిత్సలకు.
* కంటె ఎముకకు పైన ఇచ్చేది: మోచేయి, ముంజేయి, చేతికి.
* కంటె ఎముకకు దిగువన ఇచ్చేది: మోచేయి, ముంజేయి, చేతికి.
* చంకలో ఇచ్చేది: ముంజేయి, చేతికి.

చరిత్ర

1884లో కార్ల్ కోలర్ కంటికి కొకైన్‌ను స్థానిక మత్తుగా వాడాడు. ఆ తరువాత అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ కొకైన్‌తోనే నరాలకు మత్తు ఇచ్చాడు. 1911లో జర్మనీకి చెందిన హిర్షెల్ చంక నుండి, కూలెన్‌కాంఫ్ కంటె ఎముక పైనుండి చర్మం గుండా సూదితో మత్తు ఇచ్చే పద్ధతులను ప్రకటించారు. కూలెన్‌కాంఫ్ దీనిని మొదట తనపైనే ప్రయోగించుకున్నాడు.

మత్తు వైద్య చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. నిజాం ధన సహాయంతో 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫాం వలన ముందుగా శ్వాస ఆగుతుందే గాని నేరుగా గుండె ఆగదని అవి తేల్చాయి. ఈ నిర్ణయం తప్పని 1911 నాటి గుడ్‌మన్ లెవీ పరిశోధన చూపింది. హైదరాబాదులో చదివిన రూపాబాయి ఫుర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా పేర్కొంటారు.

పూర్వం మందు ఎక్కించవలసిన చోటును శరీర గుర్తుల ఆధారంగా అంచనా వేసేవారు. తరువాత స్వల్ప విద్యుత్తుతో నరాన్ని గుర్తించే యంత్రం, 1990ల నుండి అల్ట్రాసౌండ్ వాడుకలోకి వచ్చాయి. అల్ట్రాసౌండ్‌లో సూది, నరం, రక్తనాళం తెరపై కనిపిస్తాయి.

ఉపయోగాలు

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్ వంటి గోదావరి తీర ప్రాంతాలలో వ్యవసాయమే ప్రధాన జీవనాధారం. యంత్రంలో చేయి పడి తీవ్రంగా గాయపడిన వారిని వరంగల్లు వంటి నగరాలకు తరలించవలసి వస్తుంది. వారు అప్పటికే భోజనం చేసి ఉండవచ్చు. గాయం, నొప్పి వలన జీర్ణక్రియ కూడా మందగిస్తుంది. పూర్తి మత్తులో వాంతి అయి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. బ్లాక్ ఇస్తే రోగి మెలకువగా ఉండడం వలన ఈ భయం తగ్గుతుంది. వృద్ధులకు, ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారికి కూడా చంకలో ఇచ్చే పద్ధతి మేలు చేస్తుంది.

ప్రమాదాలు, జాగ్రత్తలు

మెడ దగ్గర ఇచ్చే మత్తు వలన ఆ పక్క ఉదర వితానం తాత్కాలికంగా పనిచేయక ఆయాసం రావచ్చు. కంటె ఎముక దగ్గర సూది ఊపిరితిత్తి పొరకు తగిలే అవకాశం ఉంది. మందు రక్తంలో ఎక్కువగా కలిస్తే మూర్ఛలు, గుండె లయ తప్పడం జరుగుతాయి. దీనికి 20 శాతం కొవ్వు ద్రావణాన్ని సిరలోకి ఎక్కిస్తారు. నరానికి శాశ్వత హాని అరుదు.

రోగి తాను వాడే మందులను, ముఖ్యంగా రక్తం పలుచబరిచే వాటిని, వైద్యునికి ముందే చెప్పాలి. మత్తు దిగేవరకు చేతికి వేడి, ఒత్తిడి తెలియవు. కనుక చేతిని కట్టులో వేలాడదీసి, పొయ్యికి, పదునైన వస్తువులకు దూరంగా ఉంచాలి. మత్తు పూర్తిగా దిగకముందే వైద్యుడు సూచించిన నొప్పి మాత్ర వేసుకోవాలి.