కారులోనూ జీర్ణోద్ధరణ

పాఠ్యభాగ ఉద్దేశం

పాత వస్తువును పారవేయడం సులభం. దాని స్వభావాన్ని ఎరిగి, దేనిని నిలుపవచ్చునో దేనిని మార్చక తప్పదో నిర్ణయించడం కష్టం. పాతకారు ఇంజను చుట్టూ ఉండే ప్లాస్టిక్ భాగాల పునరుద్ధరణను ఉదాహరణగా తీసుకొని ఆ వివేచనను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని తెలుగువారి సామెత. అయితే పాతదంతా రోత కాదని చాటే మాట కూడా ఈ భాషలోనే ఉన్నది. ఆ మాట జీర్ణోద్ధరణ. శిథిలమైన ఆలయాన్ని కూలద్రోసి కొత్తది కట్టడం జీర్ణోద్ధరణ కాదు. నిలువగలిగిన రాతిని నిలిపి, పగిలి భారం మోయలేని రాతిని మాత్రమే తొలగించి, ఆ స్థానంలో తగిన రాతిని అమర్చి, గుడికి పూర్వరూపం చేకూర్చడమే జీర్ణోద్ధరణ. పాతకార్లను పునరుద్ధరించేవారు చేసే పని కూడా ఇటువంటిదే.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్‌రాయిస్ కారు ప్రదర్శనలో ఉన్నది. అది లోహంతో, కొయ్యతో, తోలుతో నిర్మితమైన వాహనం. ఇత్తడి భాగం మాసిపోతే మెరుగు పెట్టవచ్చు. ఇనుప భాగం విరిగితే నేర్పరియైన పనివాడు మరొకటి సాగగొట్టి చేయగలడు. 1983 డిసెంబరు 14న తొలిసారి కొనుగోలుదారు చేతికి అందిన మారుతీ 800 కారు సంగతి వేరు. 796 సి.సి. ఇంజను గల ఈ చిన్నకారు మధ్యతరగతి కుటుంబాల చెంతకు చేరింది. అద్దం కడిగే నీళ్ళ సీసా, రేడియేటర్ నుండి పొంగిన నీటిని పట్టే డబ్బా, ఫ్యూజుపెట్టె మూత, వైర్ల కనెక్టర్లు, క్లిప్పులు మొదలైనవన్నీ ఈ తరం కార్లలో ప్లాస్టిక్‌తో చేసినవే. 2014లో మారుతీ 800 ఉత్పత్తి నిలిచిపోయింది. ప్లాస్టిక్ భాగాన్ని సుత్తితో సాగగొట్టి చేయలేరు. దానికి అచ్చు కావాలి. ఒక్క సీసా కోసం అచ్చు చేయించడం సామాన్యునికి అలవికాని ఖర్చు. అందువల్ల పాతకారులో ఇనుముకంటె ప్లాస్టిక్‌ను కాపాడుకోవడమే ఒక్కొక్కప్పుడు కష్టతరమవుతుంది.

ఈ విషయాన్ని ఆలోచించడానికి సికింద్రాబాదులోని ఏ.ఎస్. రావు నగర్ తగిన చోటు. 1967లో కేంద్ర అణుశక్తి విభాగం కింద ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఇ.సి.ఐ.ఎల్., సంస్థను తీర్చిదిద్దిన శాస్త్రవేత్త డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ఆ సంస్థ ఉద్యోగుల నివాసాలతో రూపొందిన ఈ కాలనీ ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. దీనికి చేరువలోని చర్లపల్లి పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ సాంకేతిక విద్యను బోధించే కేంద్రప్రభుత్వ సంస్థ సిపెట్ ఉన్నది. ఒకవైపు యంత్రాలు తెలిసిన కుటుంబాలు, మరొకవైపు ప్లాస్టిక్ శాస్త్రం నేర్పే విద్యాలయం ఉన్న పరిసరాలివి. ఇటువంటి కాలనీ వీధిలో, వేపచెట్టు నీడన, ఉద్యోగవిరమణ చేసిన ఒక ఇంజనీరు 1985లో కొన్న మారుతీ 800 నిలిచి ఉన్నదని ఊహించవచ్చు. దాని బానెట్ ఎత్తి చూస్తే కనిపించేదేమిటి? ఒకనాడు పాలవలె తెల్లగా ఉన్న నీళ్ళ సీసా పసుపుబారింది. నల్లని మూత బూడిదరంగుకు తిరిగింది. క్లిప్పు ముట్టుకుంటే చాలు, పెళుక్కున విరుగుతున్నది.

ప్లాస్టిక్ ఎందుకు ముసలిదవుతుంది?

ప్లాస్టిక్ అణువులు పొడవైన గొలుసుల వంటివి. కొబ్బరితాడు బలం దాని పీచుల పొడవులోను, అవి ఒకదానినొకటి పెనవేసుకోవడంలోను ఉన్నట్లే, ప్లాస్టిక్ బలం ఈ గొలుసుల పొడవులోను, పెనవేతలోను ఉన్నది. పీచు చీకిపోయిన తాడు లాగితే తెగుతుంది. గొలుసులు తెగిన ప్లాస్టిక్ వంచితే విరుగుతుంది.

ఈ గొలుసులను తెంచే శత్రువులలో మొదటిది వేడి. గాలిలోని ఆక్సిజన్ ప్లాస్టిక్‌తో నిదానంగా చర్య జరుపుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు రసాయనిక చర్యావేగం సుమారు రెట్టింపవుతుందన్న స్థూలసూత్రం రసాయనశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. ఆ లెక్కన 60 డిగ్రీల వద్ద ఉన్న భాగంకంటె 90 డిగ్రీల వద్ద ఉన్న భాగం ఎనిమిది రెట్లు వేగంగా క్షీణించాలి. వేసవిలో నీడపట్టునే 40 డిగ్రీలు దాటే తెలంగాణ ఎండకు ఇంజను వేడి తోడైతే ఫలితం చెప్పనక్కరలేదు. తయారీలో కలిపిన రక్షక రసాయనాలు కొంతకాలం ఆక్సిజన్‌ను అడ్డుకుంటాయి. అవి ఖర్చయిపోయిన తరువాత క్షీణత వేగం పుంజుకుంటుంది.

రెండవ శత్రువు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు. బానెట్ కింద వీటి ప్రభావం తక్కువే అయినా, తెరచి ఉంచినప్పుడు, విప్పిన భాగాలను ఎండలో పెట్టినప్పుడు ఇవి పని చేస్తాయి. మూడవది నూనె, ఇంధనం, వేడినీరు. నాలుగవది మెత్తదనం ఇంకిపోవడం. వైర్లమీది పి.వి.సి. తొడుగులో మెత్తదనం కోసం కలిపిన ద్రవ్యం క్రమంగా బయటకు పోతుంది. నూనె ఇంకిన తోలుచెప్పు వలె తొడుగు బిర్రబిగిసి బీటలు వారుతుంది.

గుర్తించిన తరువాతే చికిత్స

వైద్యుడు రోగాన్ని గుర్తించకుండా మందు ఇవ్వడు. పునరుద్ధరణలోనూ అది ఏ ప్లాస్టికో తెలియకుండా జిగురు పూయరాదు. ప్లాస్టిక్‌లు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం మైనం వంటిది: వేడికి కరుగుతుంది, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్, ఏ.బి.ఎస్., నైలాన్ ఈ కోవకు చెందినవి. వీటిని వేడితో అతుకవచ్చు. రెండవ రకం కాల్చిన కుండ వంటిది: ఒకసారి గట్టిపడితే తిరిగి మెత్తబడదు. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్ ఇటువంటిది. దానిని కరిగించి అతకడం అసాధ్యం.

కొన్ని భాగాల లోపలివైపు ప్లాస్టిక్ పేరును సూచించే అక్షరాలు అచ్చై ఉంటాయి. అవి లేనప్పుడు చిన్న పరీక్ష ఉపకరిస్తుంది. విరిగి రాలిన ముక్కను నీటిలో వేస్తే, పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ తేలుతాయి, ఏ.బి.ఎస్., నైలాన్ మునుగుతాయి. పాలీప్రొపిలీన్ సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు, ఏ.బి.ఎస్. సాంద్రత సుమారు 1.05, నైలాన్ సాంద్రత సుమారు 1.14. ఖనిజపు పొడి కలిపిన పాలీప్రొపిలీన్ మునగవచ్చును గనుక ఈ పరీక్ష ఒక సూచనే గాని తుదితీర్పు కాదు. ముక్కను కాల్చి వాసన చూసే అలవాటు మాత్రం కూడదు. ఆ పొగ విషపూరితం కావచ్చు.

పని జరిగే తీరు

మొదట ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి. ప్రతి భాగాన్ని విప్పకముందే ఫోటో తీసి, విప్పిన స్క్రూలను, క్లిప్పులను పేరు రాసిన కవర్లలో ఉంచాలి. పాత క్లిప్పును బలవంతంగా లాగితే విరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వెచ్చచేస్తే మెత్తబడి ఊడుతుంది.

విప్పిన భాగాలను గోరువెచ్చని నీటితో, తేలికపాటి సబ్బుతో, మెత్తని బ్రష్‌తో కడగాలి. షెడ్లలో సాధారణంగా వాడే పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ ప్లాస్టిక్‌కు చేటు చేస్తాయి. కిరోసిన్ తగిలితే పాలీప్రొపిలీన్ ఉబ్బుతుంది. థిన్నర్ తగిలితే ఏ.బి.ఎస్. కరుగుతుంది.

బీటవారిన మూతను అతికేటప్పుడు, ముందుగా బీట చివర చిన్న రంధ్రం చేయాలి. ఒత్తిడి ఆ కొనవద్దనే కేంద్రీకృతమై బీటను ముందుకు నడుపుతుంది. గుండ్రని రంధ్రం ఆ ఒత్తిడిని పంచి బీటను ఆపుతుంది. తరువాత వెనుకవైపు బీట వెంట గాడి తీసి, అదే రకపు ప్లాస్టిక్ కడ్డీని వేడిగాలితో కరిగించి నింపాలి. పాలీప్రొపిలీన్‌కు మామూలు జిగురు అంటదు; దానికి ఈ వేడి అతుకే శరణ్యం. ఏ.బి.ఎస్. అయితే, ఆ ప్లాస్టిక్ తునకలనే అసిటోన్‌లో కరిగించిన ముద్దతో అతుకవచ్చు. ఈ పనులన్నీ గాలి ఆడే చోట, మంటకు దూరంగా, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు ధరించి చేయాలి.

వెలిసిన పైపొరను నీటితో తడుపుతూ సన్నని గరుకు కాగితంతో రుద్దితే లోపలి నలుపు బయటపడుతుంది. సిలికాన్ పాలిష్ పూస్తే మెరుపు వస్తుంది గాని అది కొన్నాళ్ళ ముచ్చటే. పసుపుబారిన సీసాను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కొంత తెలుపు చేయవచ్చు. అయినా తెగిన అణుగొలుసులు తిరిగి కలవవు. రంగు తిరిగి వచ్చినంత మాత్రాన బలం తిరిగి రాదు. ఈ సత్యాన్ని మరచి కేవలం మెరుపును నమ్ముకుంటే, ఆ పని "పైన పటారం, లోన లొటారం" అన్న చందమవుతుంది.

అతుకరాని భాగాలు

కొన్ని భాగాలను ఎంత నేర్పుతోనైనా అతుకరాదు. రేడియేటర్ పంకా రెక్క వేగంగా తిరుగుతుంది. బీటవారిన రెక్క విరిగితే రేడియేటర్‌ను చీల్చవచ్చు, వంగి చూస్తున్న మనిషిని గాయపరచవచ్చు. బ్రేకు ద్రవం డబ్బా కారితే బ్రేకు అందదు. ఇంధన ఫిల్టర్ బీటవారితే మంటకు దారితీస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూత గుండా వేల వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. సన్నని బీట వెంట అది దారి తప్పితే ఇంజను తడబడుతుంది. వేడికి కరిగిన కనెక్టర్ వెనుక ఎక్కడో బిగువు తగ్గిన విద్యుత్ సంధి ఉంటుంది. ముందు ఆ లోపాన్ని సవరించి, తరువాత కనెక్టర్‌ను మార్చాలి. ఇక్కడ పొదుపు చూసుకోవడం ప్రాణంతో చెలగాటమే. చూపుకు సంబంధించిన భాగాన్ని కాపాడాలి. ప్రాణానికి సంబంధించిన భాగాన్ని మార్చాలి.

అంగట్లో దొరకని భాగానికి నేడు మరో దారి ఉన్నది. పాత ముక్క కొలతలను కంప్యూటర్‌లోకి ఎక్కించి త్రీడీ ప్రింటర్‌తో కొత్తది తయారు చేయవచ్చు. హైదరాబాదు రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ఇటువంటి నమూనాల తయారీకి ఉద్దేశించిన కేంద్రమే. అయితే ముద్రించే పదార్థాన్ని తెలిసి ఎంచుకోవాలి. చౌకగా దొరికే పి.ఎల్.ఏ. ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల వద్దనే మెత్తబడుతుంది. ఇంజను పక్కన అది నిలువదు. ఏ.బి.ఎస్. సుమారు 100 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. అంతకు మించిన వేడికి గాజునార కలిపిన నైలాన్ వంటివి అవసరం.

ఉపసంహారం

2021 జూలైలో కేంద్రప్రభుత్వం సవరించిన మోటారు వాహన నియమాల ప్రకారం, తొలి నమోదు నుండి 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో నిలిచి ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు "వింటేజ్" గుర్తింపు పొందవచ్చు. వాటి నంబరు పలకపై "వి.ఏ." అక్షరాలుంటాయి. ఆ లెక్కన వేపచెట్టు నీడనున్న 1985 నాటి కారుకు 2035లో గాని ఆ అర్హత రాదు. అంతవరకు అది తుక్కు కాకుండా నిలవాలంటే చిన్న చిన్న మూతలను, సీసాలను, క్లిప్పులను పట్టించుకోక తప్పదు.

తొలగించిన పాతభాగాన్ని సైతం పారవేయక, ఏ సంవత్సరం ఎందుకు తొలగించారో చీటీ రాసి దాచడం మంచి పునరుద్ధారకుని లక్షణం. రేపటి పనివానికి అదే కొలత, అదే సాక్ష్యం. తాతగారి తొలి కారు మనుమరాలి చేతికి అందేనాడు దాని మెరుపుకంటె విలువైనది ఆ చీటీలలోని నిజాయతీ. ఉన్నదానిని ఉన్నట్లు చూసి, నిలిచేదానిని నిలిపి, నిలువనిదానిని నిస్సంకోచంగా మార్చడమే జీర్ణోద్ధరణ. అది గుడికైనా ఒకటే, బండికైనా ఒకటే.

ప్రశ్నలు

1. జీర్ణోద్ధరణకు, కొత్తగా నిర్మించడానికి గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ప్లాస్టిక్ పెళుసుబారడానికి గల కారణాలను తెలపండి.
3. "రంగు తిరిగి వచ్చినంత మాత్రాన బలం తిరిగి రాదు." సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. అతుకరాని భాగాలు ఏవి? ఎందుకు?
5. మీ ఇంటిలోని విరిగిన ప్లాస్టిక్ వస్తువుల ముక్కలను నీటిలో వేసి చూసి, ఫలితాలను పట్టికగా రాయండి.