ఇంగ్లిష్ మాటలో ఊనిక ఎక్కడ?

నందికొట్కూరు పేరును నిదానంగా పలకండి: నం-ది-కొట్-కూ-రు. అయిదు ముక్కలు. ఛందస్సు తెలిసినవాళ్లు దీన్ని రగణం, హగణం అంటారు. రాతలో ‘ట్కూ’ ఒకే అక్షరమైనా, నోట్లో ‘ట్’ ముందు ముక్కకే అంటుకుంటుంది. అందుకే ‘కొ’ గురువైంది. ఇలా ఒక్క అచ్చు చుట్టూ పలికే ముక్కే ఇంగ్లిష్‌లో సిలబుల్. లెక్క అచ్చు ధ్వనులదే, రాసిన అక్షరాలది కాదు. స్ట్రెంగ్త్ అనే మాటకు స్పెల్లింగ్‌లో ఎనిమిది అక్షరాలున్నా సిలబుల్ ఒక్కటే. స్కూల్ కూడా అంతే; మన పల్లెల్లో అది ‘ఇస్కూలు’ అయ్యి మూడవుతుంది.

ముక్కలు విడదీయడం మన పిల్లలకు కష్టం కాదు. చిక్కంతా ఊనిక దగ్గరే.

తెలుగులో గురువైనా లఘువైనా ప్రతి అచ్చునూ స్పష్టంగా పలుకుతాం. ఇంగ్లిష్ అలా కాదు. ఒక ముక్కను సాగదీసి, గట్టిగా, స్వరం మార్చి పలుకుతారు, ఊనిక (స్ట్రెస్) అంటే అదే; చుట్టూ ఉన్నవి నలిగిపోతాయి. బనానాలో నడిమి ‘నా’ ఒక్కటే నిండుగా వినిపిస్తుంది, అటూ ఇటూ ఉన్న అచ్చులు వినీ వినపడనట్టు ఉంటాయి. ఫోటోగ్రాఫ్‌లో ఊనిక మొదటి ముక్క మీద, ఫొటోగ్రఫీలో రెండోదాని మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద పడుతుంది. ఊనిక జరిగిన కొద్దీ అచ్చులూ మారిపోతాయి. హోటల్‌ను మనం ‘హో’ మీద ఒత్తుతాం, ఇంగ్లిష్‌వాళ్లు ‘టెల్’ మీద ఒత్తుతారు.

ఇది చిన్న విషయం కాదు. హైదరాబాదులో 1958లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిషే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. అక్కడ పనిచేసిన ఆర్.కె.బన్సల్ మన ఇంగ్లిష్ బయటివాళ్లకు ఎంత అర్థమవుతోందో పరిశీలించి 1969లో పుస్తకం వెలువరించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో తప్పు ఊనిక ఒకటి. దొరల యాసను అనుకరించాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం. ఊనిక మాత్రం సరిగా పడాలి.

కొన్ని ఆనవాళ్లున్నాయి. ‘షన్’, ‘ఇక్’, ‘ఇటీ’లతో ముగిసే మాటల్లో సాధారణంగా వాటికి ముందున్న ముక్క మీదే ఊనిక: ఎడ్యుకేషన్‌లో ‘కే’, ఎలక్ట్రిసిటీలో ‘ట్రి’. రికార్డ్ వంటి మాట నామవాచకమైతే మొదటి ముక్క మీద, క్రియ అయితే రెండోదాని మీద. మినహాయింపులూ ఉంటాయి కాబట్టి నిఘంటువు చూడక తప్పదు. ఉచ్చారణ గుర్తుల్లో పైన కనిపించే చిన్న నిలువు గీత తర్వాతి ముక్కే ఒత్తి పలకాల్సింది.

మేష్టార్లకు నా మనవి: కొత్త మాటను బోర్డు మీద రాసేటప్పుడు స్పెల్లింగ్‌తో పాటు ఆ గీతనూ రాయండి.