రోగి శుశ్రూషయు నిదర్శనమును

వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నాలుగును చికిత్సకు పాదములని చరకసంహిత చెప్పుచున్నది. పరిచారకునకు వలయు గుణములలో మొదట నెంచబడినది ఉపచారజ్ఞానము. నేటి నర్సులు ఆ జ్ఞానము నెట్లు సంపాదించుకొందురు? మా తప్పిదము వలననే మా కీ ప్రశ్న కలిగినది.

పటాన్‌చెరువు నుండి సంగారెడ్డి వఱకు గల మార్గమున కర్మాగారములు పెక్కులు గలవు. ఇచటి కుటుంబములకు కాలిన గాయములు క్రొత్తవి కావు. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి మందుల కర్మాగారమున జరిగిన ప్రేలుడులో 40 మందికి పైగా అసువులు బాసిరి.

గత వేసవిలో మా చిన్నదాని చేతిపై వేడిగంజి యొలికెను. మా అత్తగారు చెప్పగా మేము సిరా పూసి, గుడ్డ చుట్టి, ఆస్పత్రికి గొనిపోతిమి. రాత్రివేళ నున్న నర్సు సిరాను చూచి, "కాలి యెంతసేపైనది, అమ్మగారూ?" అని యడిగెను. గంటయైనదని చెప్పితిమి. వెంటనే ఆమె చేతిని కుళాయి క్రింద 20 నిమిషము లుంచెను. "కాలిన మూడుగంటల లోపల నైనను చల్లని పాఱునీరు మేలు చేయును. మంచుగడ్డ పెట్టరాదు. సిరా పూసిన గాయము లోతు తెలియదు" అనెను.

ఇది మీకెట్లు తెలిసినదని యడిగితిమి. "మొదట మా పెద్ద సిస్టరుగారు చెప్పిరి, పిదప చదివి సరిచూచుకొంటిని" అని యామె యుత్తరము.

పెక్కుదేశములలో నర్సులు సందేహము గలిగినపుడు మొదట తోడివారినే యడుగుదురట. వారు దగ్గఱనుందురు, రోగి నెఱుగుదురు. కాని మా సిరావలె తప్పుకూడ నోటనుండి నోటికి సాగవచ్చును. అందుచేత ప్రశ్నను నాలుగు భాగములుగా నేర్పఱచుకొందురు: రోగి యెవరు? చేయదలచిన దేమి? దేనితో పోల్చవలెను? ఏ ఫలము కోరుదుము? పిమ్మట గ్రంథములను వెదకుదురు. 1997 నుండి పబ్‌మెడ్ అను వైద్యవ్యాసముల సూచిక యెల్లరకు నుచితముగా లభించుచున్నది. 1993లో నెలకొన్న కాక్రేన్ సంస్థ పెక్కు పరీక్షల ఫలితములను కూర్చి తూచి ప్రకటించుచున్నది. 2007లో భారత వైద్య పరిశోధన మండలి దానిని మన దేశీయులకు ఉచితముగా చదువ వీలు కల్పించినది. ఒకరి యనుభవము కంటె పెక్కుమందిని పోల్చి చేసిన పరీక్షకు బలమెక్కువ. అయినను ఎదుటి రోగి స్థితిని, ఇష్టమును విడువరాదు.

ఇది నర్సులకు పరాయి విద్య గాదు. క్రిమియా యుద్ధమున సైనికులు గాయములకంటె రోగములచేతనే యెక్కువగా మరణించిరని ఫ్లారెన్స్ నైటింగేల్ లెక్కలతో నిరూపించినది.

కాని రాత్రియెల్ల పెక్కుమంది రోగులను చూచు నామెకు చదువ తీఱికయేది? వ్యాసములు ఆంగ్లమున నున్నవి. తెలిసినను పాతపద్ధతిని మార్చ నధికార ముండదు. 2022లో సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్యకళాశాల యారంభమైనది. అట్టి చోట్ల గ్రంథాలయము చుట్టుపట్ల నర్సులకును తెఱచియుండుట, పనిలో నొకగంట చదువునకు విడుచుట న్యాయము.

మనవంతు పని స్వల్పము. నర్సు చెప్పినదానిని తృణీకరింపక, "ఏల?" యని మర్యాదగా నడుగుదము. మా చిన్నదాని చేయి మానినది, చిన్నమచ్చ మిగిలినది. ఇపుడు మా అత్తగారే ఇరుగుపొరుగు వారికి, "సిరా వద్దమ్మా, నీళ్లు పోయుడు" అని చెప్పుచున్నారు.