చిన్న ప్రొక్లెయినర్‌కు ఏ చైను: ఉక్కుదా, రబ్బరుదా?

మూడు నాలుగు టన్నుల చిన్న ప్రొక్లెయినర్‌ను అప్పు చేసి కొని, భిలాయి, దుర్గ్ పరిసరాల్లో అద్దెకు తిప్పుకొనే వారి లాభనష్టాలు చాలావరకు దాని చైనుపై ఆధారపడి ఉంటాయి. ఉక్కు చైను వేయించాలా, రబ్బరు చైనుతో తీసుకోవాలా అన్నది బేరం కుదరక ముందే తేల్చుకోవలసిన విషయం. ఉక్కు నగరంలో ఉక్కే మేలనుకోవడం సహజం. ఈ ఊరి నేలను పరికించి చూస్తే మాత్రం సమాధానం అంత సూటిగా కనిపించదు.

తెలుగునాట ప్రొక్లెయినర్ అన్నా, ఛత్తీస్‌గఢ్‌లో పోక్లేన్ అన్నా మూలం ఒకటే: పోక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు. ఇక చైను సంగతికి వస్తే, ఉక్కు చైను అనేక ముక్కల కూర్పు. లింకులు, పిన్నులు, బుష్‌లు, వాటిపై బోల్టులతో బిగించిన ప్లేట్లు ఉంటాయి. ఒక ప్లేటు వంగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. లేత్, వెల్డింగ్ పనివారికి కొదవలేని భిలాయిలో ఇది పెద్ద వెసులుబాటు. రబ్బరు చైను అలా కాదు. అది ఒకే పట్టీ. లోపల ఉక్కు తీగలు, ఇనుప దిమ్మెలు ఇమిడి ఉంటాయి. అంచు కోసుకుపోయి నీరు లోనికి చేరితే తీగలు తుప్పు పడతాయి. తీగలు తెగాక అతుకు నిలవదు, పట్టీ మొత్తం మార్చవలసిందే.

సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దానితోపాటు సెక్టార్లుగా పెరిగిన టౌన్‌షిప్‌లో చిన్న యంత్రానికి దొరికే పని ఎక్కువగా పైపుల కందకాలు, కాలువల మరమ్మతులే. అటూ ఇటూ ఇళ్లు, మధ్యలో తారు రోడ్డు. ఎండ 45 డిగ్రీలకు చేరే మే నెలలో తారు మెత్తబడి ఉంటుంది. ఉక్కు ప్లేట్ల గట్లు దానిపై లోతైన గాట్లు పెడతాయి. ఆ రోడ్డును బాగుచేసే భారం గుత్తేదారు మీద పడితే నాలుగు రోజుల అద్దె అక్కడే కరిగిపోతుంది. చప్పుడు, అదురు కూడా రబ్బరుతో తక్కువ. ఇక్కడ రబ్బరుదే పైచేయి.

టౌన్‌షిప్ దాటితే లెక్క మారుతుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు భాటా అని పిలిచే గరుకైన ఎర్ర మొరం నేల రబ్బరును ఆకురాయిలా అరగదీస్తుంది. స్లాగ్ గుట్టలు, కూల్చివేత శిథిలాలు ఇంకా ప్రమాదం. పదునైన ముక్క, తేలిన కమ్మీ ఒక్కటి చాలు. వేడి చల్లారని స్లాగ్ దగ్గరకు రబ్బరు చైనును అసలు తీసుకువెళ్లకూడదు.

కన్హార్ అనే నల్లరేగడి విషయంలో ఒక అపోహ ఉంది. రబ్బరైతే దిగబడదని పలువురి నమ్మకం. నిజానికి దిగబాటును నిర్ణయించేది బరువు, చైను వెడల్పు, నేలను తాకే పొడవు. 3.5 టన్నుల యంత్రానికి 30 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు చైన్లు, ఒక్కొక్కటి 160 సెంటీమీటర్ల పొడవున నేలను తాకుతున్నాయనుకుందాం. చదరపు సెంటీమీటరుకు పడే బరువు సుమారు 0.36 కిలోలు. వెడల్పు మారకపోతే ఉక్కుకైనా రబ్బరుకైనా దాదాపు ఇదే లెక్క. గోదావరి డెల్టాలో తడి చేలల్లో వరి కోసే చైను యంత్రాలు దిగబడకుండా నడిచేదీ ఆ వెడల్పు వల్లనే.

కొనేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: యంత్రం ఎక్కడ తవ్వుతుందని కాదు, ఎక్కడ నడుస్తుందని. తవ్వేటప్పుడు అది ఎక్కువగా నిలిచే ఉంటుంది. చైను అరిగేది నడకలో, మలుపుల్లో. గత ఆరు నెలల్లో చేసిన పనులు గుర్తు చేసుకుని, తారు, సిమెంటు మీద ఎన్ని గంటలు, మొరం, రాళ్ల మీద ఎన్ని గంటలు నడిచిందో రాసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. చైను జత ధరను అది పనిచేసే గంటలతో భాగించి చూడాలి. మెత్తని నేలపై 1,500 గంటలు వచ్చే రబ్బరు చైను శిథిలాల్లో సగమే వస్తే, గంటకు ఖర్చు రెట్టింపవుతుంది.

రెండు రకాల పనులూ సమానంగా ఉన్నవారికి మధ్యేమార్గం ఉంది. ఉక్కు ప్లేట్లపై బోల్టులతో రబ్బరు దిమ్మెలు బిగించవచ్చు, అరిగిన దిమ్మెను విడిగా మార్చవచ్చు. నా దృష్టిలో ఒకే యంత్రంపై బతికే చిన్న గుత్తేదారుకు ఇదే క్షేమం. అయితే రెండు టన్నుల లోపు యంత్రాలు ఎక్కువగా రబ్బరు చైనుతోనే వస్తాయి కనుక వారికి ఎంపిక స్వల్పం.

రబ్బరు తీసుకున్నవారు ఉన్నచోటనే గిర్రున తిప్పడం మానుకోవాలి. వీలైనంత విశాలంగా మలుపు తీసుకోవాలి. డీజిలు, ఆయిలు ఒలికితే వెంటనే తుడవాలి. రేగడిలో పనిచేసిన సాయంత్రం రోలర్ల మధ్య ఇరుక్కున్న మట్టిని, అది గట్టిపడక ముందే తీసివేయాలి. చైను బిగువును కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం సరిచూడాలి. వదులైతే ఊడుతుంది, మరీ బిగిస్తే రోలర్లు అరుగుతాయి. బిగువు తగ్గించేటప్పుడు గ్రీజు వాల్వుకు ఎదురుగా ముఖం పెట్టకూడదు. లోపలి పీడనానికి గ్రీజు తూటాలా చిమ్మి చర్మంలోకి దూరగలదు. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాత యంత్రం కొనేవారు పైకి కనిపించే రబ్బరు మందాన్ని చూసి మోసపోరాదు. చైనును నేల నుంచి పైకి లేపించి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పించి, లోపలి వైపు ఇనుప దిమ్మెలు ఊడాయేమో, తీగలు బయటపడ్డాయేమో చూడాలి. అదే చూపులో పళ్ల చక్రాన్నీ గమనించాలి. దాని పళ్లు కొక్కేల్లా వంగి అరిగి ఉంటే, కొత్త చైను వేసినా త్వరగానే పాడవుతుంది.