పట్టణపు మురుగు – పల్లె పొలము

నంద్యాల పట్టణమున వాడి విడిచిన నీరు వంకలలోబడి కుందూనదిని చేరును. ఆ నది కోవెలకుంట్ల ప్రాంతమును దాటి కమలాపురముచెంత పెన్నలో కలియును. కావున పట్టణపు మురుగు దిగువ పంచాయతీలకును సంబంధించినదే.

మురుగులోని మాలిన్యమును సూక్ష్మజీవులు తినివేయును. అందులకు వానికి ప్రాణవాయువు కావలెను. శుద్ధిచేయక వదలినచో అవి నదిలోని ప్రాణవాయువునే హరించును, చేపలు చచ్చును. శుద్ధికేంద్రమున యంత్రములు గాలి నందించును. లోతులేని చెరువులలోనైనచో మన యెండకు పెరుగు నాచే ఆ పని చేయును. ఈ పద్ధతి చౌక, స్థలము మాత్రము హెచ్చుగా కావలెను.

నీరు తేటపడినంతమాత్రమున రోగక్రిములు నశించినట్లు కాదు. పచ్చిగా తిను కూరలకు దానిని పారింపరాదు.

నంద్యాలనుండియైనను, ఆళ్లగడ్డనుండియైనను సెప్టిక్ ట్యాంకుల మడ్డిని తెచ్చి పొలిమేర వంకలో పోయుచున్నచో, సభ్యులు వెంటనే అడ్డగించి, దానిని శుద్ధికేంద్రమునకే చేర్పవలసినదిగా పురపాలక సంఘమునకు వ్రాయవలెను.